ఒడ్డున కూర్చున్న పిల్ల

ఏప్రిల్ 28

వదినగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం చిట్టి చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించాను. మీ చేతికి అందేదాకా విప్పదు. విప్పకూడనివి విప్పి చూసే పిల్లే అయితే నాకు ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఫోన్లో చెప్పలేకపోయాను. నేను ఫోన్ పట్టుకోగానే వచ్చి పక్కన నిలబడుతుంది. మాటలు వినడానికి కాదు, మాట్లాడుతుంటే నాకు ఆయాసం వస్తోందేమో చూడటానికి.

నా ఆపరేషన్ దగ్గర్నుంచీ ఇల్లు ఎలా నడిచిందో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. ఆ మందులూ, ఆ వాంతులూ, ఆ నీరసమూ. నడిపింది మాత్రం చిట్టి. పదకొండేళ్ల పిల్ల అన్నం వండటం, నా మాత్రలు పూటపూటకీ విడదీసి పెట్టడం, పాలు పలచనయ్యాయని పాలవాడితో పేచీ పడటం అన్నీ నేర్చుకుంది. వాళ్ల నాన్న ప్రెస్సు నుంచి ఆలస్యంగా వస్తే గడపలోనే నిలదీస్తుంది. ఆయన చేతులు జోడించి "క్షమించండి అత్తగారూ" అంటారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

మొన్న మా వీధి పిల్లలు తాడాటకి పిలవడానికి వచ్చారు. "నాకు కుదరదు" అంది. చిన్నపిల్లలు అలా అంటారా వదినా? "రాను పో" అంటారు.

మీరు ప్రతి వేసవీ ఆ చెరువు ఒడ్డున సెలవులకి దిగే ఎక్కడెక్కడి పిల్లలనో ఆడిస్తారు. మా పిల్లని కూడా ఆడించండి. దానికి ఈత రాకపోయినా ఫర్వాలేదు, పందేల్లో గెలవకపోయినా ఫర్వాలేదు. స్కూలు తెరిచేలోగా ఒక్క పూటైనా అది నన్ను మరిచిపోవాలి. రోజూ దేవుడి ముందు అదే అడుగుతున్నాను. నా ఒంటి సంగతి ఆ తర్వాతే.

నాకు బాగానే ఉంది. మీరు కంగారు పడకండి.

మీ మరదలు


మే 4

మరదలికి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

చిట్టి క్షేమంగా చేరింది. బస్సు దిగుతూనే "అత్తయ్యా, నీ కాళ్లు వాచాయేం?" అని అడిగింది. ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన అడగని ప్రశ్న.

వాయవు మరి? సీజను మొదలైంది. సెలవులు వచ్చేవాళ్లకి గానీ మాకు కావమ్మా. పొద్దున్నే గాలాలతో చేపలు పట్టే పోటీ. తర్వాత చిన్నపిల్లలకి మోకాలి లోతు నీళ్లలో ఆటలు. ఎండ ముదిరాక నీడన కూర్చోబెట్టి గులకరాళ్లకి రంగులు వేయించడం. ఎండ తగ్గాక కుటుంబాల పడవ పందెం. కుటుంబాల పందెం అంటే ఏమనుకున్నావు? మొగుడూ పెళ్లాం చెరో తెడ్డూ పట్టుకుని చెరో దిక్కుకీ తోస్తారు. పడవ ఉన్నచోటే గింగిరాలు తిరుగుతుంది. పిల్లలు మధ్యలో కూర్చుని తల కొట్టుకుంటారు. నిన్న ఒకాయన "నేను చెప్పినట్టు వెయ్యవే" అంటూ లేచి నిలబడి దబ్బున నీళ్లలో పడ్డాడు. ఆవిడ తెడ్డు కూడా అందించకుండా "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అంది. ఒడ్డంతా నవ్వు. నేనూ నవ్వాననుకో, కానీ ఆయన్ని పైకి లాగింది నేనే. ఆ పట్టేసిన నడుం ఇంకా వదల్లేదు.

చిట్టి నవ్వలేదు. ఆయనకి దెబ్బ తగిలిందేమో చూసి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

నీళ్లలోకి దిగదు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఒంటరిగా దిగకూడదు, జతగా దిగాలి. నేను ఈల వేస్తే ఎక్కడివాళ్లక్కడ ఆట ఆపి జతవాళ్ల చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. లేచిన చేతులన్నీ కళ్లతో చూసుకుంటేనే నాకు ఊపిరి. పిల్లలందరూ విసుక్కుంటారు. చిట్టికి మాత్రం అది తెగ నచ్చింది. ఒడ్డున నా పక్కనే కూర్చుని "ఎర్రటోపీ వాడి జత ఎత్తలేదత్తయ్యా" అని నాకన్నా ముందే చెబుతుంది. "నువ్వూ దిగవే తల్లీ" అంటే, "నేనూ దిగితే ఎవరు చూస్తారు?" అంది.

బతిమాలి బతిమాలి విసిగిపోయాను. నిన్న నా ఈల తీసి దాని మెళ్లోనే వేశాను. అప్పుడు చూడాలి దాని ముఖం! వెలిగిపోయింది. వచ్చాక మొదటిసారి మారు వడ్డించుకుని తింది. ఇక నువ్వు బెంగ మానెయ్.

మీ వదిన


మే 10

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి, మూసి, మళ్లీ చదివాను. మీకు కోపం వస్తుందని తెలిసే ఇది రాస్తున్నాను.

మెళ్లో బరువు దింపమని పిల్లని పంపితే మీరు ఇంకోటి వేశారు. ముఖం వెలిగిందని రాశారు. వెలగదా మరి? దానికి తెలిసిన పని అదొక్కటే. తాగేవాడికి సీసా అందించి ముఖం వెలిగిందంటే ఎలా వదినా? పెద్ద మాట అన్నాను, నన్ను మన్నించండి. సీజన్లో మీకు మనుషులు చాలరని నాకు తెలుసు. అయినా వేరే ఎవరినైనా చూసుకోండి.

శనివారం శనివారం ఉత్తరం రాస్తానని వెళ్లేముందు నాకు మాటిచ్చింది. మొదటిది నిన్న వచ్చింది. అందులో నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు, పడవ లేదు, చేప లేదు. "నీలం మాత్ర అన్నం తిన్నాకే వేసుకో. నాన్న మర్చిపోతాడు, నువ్వే గుర్తు చెయ్యి. నా గురించి బెంగపడకు" అని రాసింది. మా అమ్మ పోయాక నాకు అలాంటి ఉత్తరం రాసేవాళ్లు లేరనుకున్నాను.

ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి. మీ తమ్ముడు కులాసా. నేనూ కులాసాయే.

మీ మరదలు


మే 15

మరదలికి,

రోజంతా ఊళ్లవాళ్ల పిల్లల ముక్కులు తుడిచి ఇంటికొచ్చి, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని నీ ఉత్తరం విప్పాను. నీళ్లు చల్లారాయి, నేను చల్లారలేదు.

మనుషులు చాలక మేనకోడలితో చాకిరీ చేయించుకుంటున్నానన్నమాట. ఆ మాట నువ్వు నోటితో అనలేదు, సరే. నేను చదువుకున్నది తక్కువైనా ఆపాటి అర్థం చేసుకోగలను. ఆ పిల్ల కడుపునిండా తిందన్న సంతోషంలో, తల్లివి నీకు చెబితే నువ్వూ సంతోషిస్తావని రాశాను. తప్పు నాదే.

ఈల తీసేసుకున్నాను. అప్పుడేం జరిగిందో కూడా విను. "నేనేం తప్పు చేశానత్తయ్యా? ఎవరినైనా చూడకుండా వదిలేశానా?" అని అడిగింది. "లేదమ్మా, మీ అమ్మ వద్దంది" అన్నాను. అనకూడదు. ఒళ్లు అలిసినప్పుడు నోరు మాట వినదు. అంతే, నీ కవరు చూపించమంది. ఉత్తరం అడగలేదు, పైన కవరే. నా చిరునామా కేసి చాలాసేపు చూసి, "ఇది అమ్మ పడుకుని రాసింది. కూర్చుని రాస్తే అక్షరాలు ఇలా కిందికి జారవు" అంది.

బట్టలన్నీ మడిచి సంచిలో పెట్టేసుకుంది. ఆదివారం బస్సుకి వచ్చేస్తుందట. అన్నం దగ్గర కూర్చుంటుంది, మెతుకులు కెలికి లేస్తుంది. రంగురాళ్ల దగ్గరికి పిలిస్తే వస్తుంది, వచ్చి చిన్నపిల్లల బ్రష్షులు కడిగి పెడుతుంది.

నా కోపం పక్కన పెట్టు. పెద్దదాన్ని, అడుగుతున్నాను. నిజం చెప్పు. ఎలా ఉన్నావు?

వదిన


మే 19

వదినా,

అది సరిగ్గానే చెప్పింది. పడుకునే రాశాను. ఇదీ పడుకునే రాస్తున్నాను.

చిట్టి వెళ్లిన మర్నాడే జ్వరం పట్టుకుంది. ఆపరేషన్ చేసిన చోటే మళ్లీ చీము చేరిందన్నారు. ఆస్పత్రిలో ఉంచి మందులు మార్చారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను, జ్వరం లేదు. పిల్లకి తెలియనివ్వకూడదని నేనూ మీ తమ్ముడూ ఒట్టు పెట్టుకున్నాం. మిమ్మల్ని కూడా మోసం చేశాను. ఆ కంగారులోనే మీ మీద అంత మాట అనేశాను. మీరు చాకిరీ చేయించే మనిషి కాదని నాకు తెలియదా? మనసులో పెట్టుకోకండి.

మంచం మీద పనేముంది, ఆలోచించడమే. ఇన్నాళ్లూ అడిగిన వాళ్లందరికీ "నాకు బాగానే ఉంది" అంటూ వచ్చాను. అలా అన్నప్పుడల్లా చిట్టి నా ముఖంలోకి చూసేది. పెద్దవాళ్లం నిజం చెప్పడం లేదని దానికి ఎప్పుడో తెలిసిపోయింది. ఇక దానికదే కనిపెట్టుకోవాలి కదా. కళ్లు మూస్తే ఏం దాచేస్తారో అని భయం. దాన్ని కాపలా కూర్చోబెట్టింది నేనే వదినా, మీరు కాదు.

ఈ కింది ముక్క దానికి చదివి వినిపించండి. ఒక్క అక్షరం కూడా మార్చకండి.

"చిట్టీ, నాకు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో ఉండి వచ్చాను. భయమేసి ఏడ్చాను. ఇప్పుడు జ్వరం తగ్గింది, నీరసంగా ఉంది. పూర్తిగా నయమవుతుందని డాక్టరమ్మ అనలేదు, కాదనీ అనలేదు. పరీక్షలు చేయించుకుంటూ ఉండాలంది. మాత్రలు నాన్నే ఇస్తున్నారు. ఒక రోజు పొద్దుటివి సాయంత్రం ఇచ్చారు. డాక్టరమ్మ చేత బాగా చీవాట్లు తిన్నారు. ఇప్పుడు సరిగ్గానే ఇస్తున్నారు. ఇకమీదట ఒంట్లో బాగోకపోతే నీకు రాస్తాను, దాచను. రాయలేదంటే ఏమీ లేనట్టే. నువ్వు వచ్చేస్తానంటే నాన్న వచ్చి తీసుకొస్తారు. ఉంటానంటే ఉండు. నీ ఇష్టం. అమ్మ."

మీ మరదలు


మే 25

మరదలికి,

నీ ఉత్తరం చదివాక నా కోపం ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు. ముందే ఒక్క మాట రాసి ఉంటే ఏం పోయేది నీ సొమ్ము? సరే. దేవుడు గట్టెక్కించాడు.

నువ్వు చెప్పినట్టే చదివాను. వింటున్నంతసేపూ గోడకి ఆనుకుని నిలబడింది. అయ్యాక "నాన్న ఏ మాత్ర వేళ తప్పి ఇచ్చాడు?" అని అడిగింది. నాకేం తెలుసు? తెలియదన్నాను. తర్వాత "ఏడ్చానని అమ్మే రాసిందా, నువ్వు కలిపావా?" అంది. కాగితం దాని చేతికే ఇచ్చాను. ఆ వాక్యం మీద వేలు పెట్టి చదువుకుంది. "అయితే నిజమే" అని వెళ్లి సంచి లోంచి బట్టలు తీసేసి గూట్లో పెట్టుకుంది. మర్నాడు ఎండ మంచం మీద పడేదాకా లేవలేదు. జ్వరం వచ్చిందేమోనని నుదురు చూశాను. చల్లగా ఉంది. నిద్ర, అంతే. ఎన్నాళ్ల బాకీయో.

ఇక్కడికి గడియారాలు బాగుచేసే ఆయన కుటుంబం దిగింది. వాళ్ల పిల్లకి తూనీగ అని పేరు పెట్టాను, ఒక్కచోట వాలదు. దాని జత తమ్ముడు. వాడికి చెవిపోటు వచ్చింది. జత లేనిదే నేను దింపను. ఆ పిల్ల తిన్నగా చిట్టి దగ్గరికి వెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నువ్వు నాకు జతగా రా."

"నాకు ఈత రాదు."

"నాకు మాత్రం వచ్చా? మోకాలి లోతుకి ఈతేంటే, మొద్దూ!"

మన చిట్టిని మొద్దు అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. బిత్తరపోయి లేచి వెళ్లింది. నీళ్లలో ఉన్నంతసేపూ ఈల వేయకపోయినా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. ఆటలా లేదు, డ్యూటీలా ఉంది. అయినా తడిసింది కదా. నీ మాత్రల వేళకి మాత్రం ఒడ్డుకి వచ్చి టైమెంతని అడిగి వెళుతోంది.

కళ్లు మూతలు పడుతున్నాయి. ఒళ్లు జాగ్రత్త.

మీ వదిన


జూన్ 3

మరదలికి,

మీ ఆయన్ని పంపించి మీ పిల్లని తీసుకుపోండి. నా వల్ల కాదు.

ఇవాళ ఒడ్డున జనం కిటకిటలాడుతున్నారు. ఈల వేశాను. చేతులు లేచాయి. చూసుకుంటూ వచ్చాను. ఒక జత లేదు. మళ్లీ వేశాను. లేదు. చిట్టీ, ఆ తూనీగా.

ఇన్నేళ్లలో నాకు అలా ఎప్పుడూ జరగలేదు. అందర్నీ నీళ్లలోంచి బయటికి రమ్మని అరిచాను. పసిపిల్లల ఏడుపులు, తల్లుల కేకలు. పడవల మనిషి చొక్కాతోనే దూకాడు. గడియారాలాయన ఒడ్డున కూలబడిపోయాడు. నేను పడవలు కట్టే చెక్కల వంతెన మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాను, నా నడుంతో, నా కాళ్లతో. నోటికొచ్చిన దేవుడినల్లా పిలిచాను. నీకు ఏమని ఉత్తరం రాయాలి, ఆ ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

అప్పుడు నా కాళ్ల కింద కిచకిచమని నవ్వు.

ఆ చెక్కల కిందే నక్కి ఉన్నారు. నడుం లోతు నీళ్లు. ఇద్దరూ బురదతో మీసాలు దిద్దుకుని, నవ్వు బయటికి రాకుండా ఒకరి నోరు ఒకరు మూసుకుని, చెక్కల సందుల్లోంచి మా పాదాలు పరిగెత్తడం చూస్తున్నారట! బయటికి లాగి, "జతల సంగతి అందరికన్నా నీకు తెలుసు కదే, నీకేం పోయేకాలం వచ్చింది?" అన్నాను. మీ కూతురు ఏమందో తెలుసా? "నువ్వు అన్నీ చూశావత్తయ్యా, కింద చూడలేదు!" అంది. అని మళ్లీ నవ్వు. ఆపుకోలేక నా నడుం పట్టుకుని మరీ నవ్వింది. నా చీరంతా బురద.

రెండు రోజులు నీళ్లలోకి దిగొద్దని చెప్పి రంగురాళ్ల దగ్గర కూర్చోబెట్టాను. అక్కడ ఒక రాయి మీద నా బొమ్మ వేసింది. నోరు ఇంత తెరిచి ఉంది. చుట్టూ చేరి చూసి నవ్వని పిల్ల లేదు.

నెమ్మదస్తురాలు, బుద్ధిమంతురాలు అని పంపావు. ఇదా బుద్ధి? నువ్వే చెప్పు.

వదిన


జూన్ 7

మరదలికి,

మొన్న కోపంలో రాశాను. ఇంకా ఎవరినీ పంపకు. నీ జవాబు చూసి ఆలోచిద్దాం.

ఇంకో సంగతి. గడిచిన శనివారం చిట్టి నీకు ఉత్తరం రాయలేదని నాకు ఇవాళ తట్టింది. మళ్లీ శనివారం కూడా వచ్చేసింది. మాత్రల వేళకి టైము అడగడం కూడా మానేసి కొన్నాళ్లయింది, నేనే గమనించలేదు. నువ్వు అక్కడ ఎదురుచూస్తూ ఉంటావు కదా, నాకు ప్రాణం ఉసూరుమంది. చెయ్యి పట్టుకుని బల్ల ముందు కూర్చోబెట్టాను. కూర్చుంది, రాయడం మొదలుపెట్టింది. బయట ఆ తూనీగ "ఒసే మొద్దూ" అని కేక పెట్టింది. పెన్నుకి మూత కూడా పెట్టకుండా పరుగు. చెప్పులు ఇక్కడే ఉన్నాయి.

ఎంత రాసిందో అంతే పెడుతున్నాను. తిట్టుకోకు.

మీ వదిన

"అమ్మా, ఇవాళ మేమిద్దరం"


జూన్ 12

వదినగారికి నమస్కారాలు.

మీ రెండు ఉత్తరాలూ ఒక రోజు తేడాలో అందాయి.

ముందు మొదటిది. తప్పే, చాలా పెద్ద తప్పు. పట్టేసిన నడుంతో మీరు ఆ వంతెన మీద పరిగెత్తాల్సి వచ్చింది. ఆ గడియారాలాయన్ని నా తరఫున కూడా క్షమించమని అడగండి. ఇంటికి రానివ్వండి, దాన్ని గట్టిగా తిడతాను. ఇలా రాస్తుంటే ఎంత సంతోషంగా ఉందో మీకు ఎలా చెప్పను? ఏడాదిగా దాన్ని ఒక్క మాట అనే అవకాశం నాకు రాలేదు వదినా. మీసాలు దిద్దుకున్నారన్న చోట ఆగి మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఉత్తరం సంగతి మీరు రాయకముందే నాకు తెలుసు. గురువారం రాలేదు. శుక్రవారం పోస్టుమాన్ వచ్చేవేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నన్ను చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. మొదట భయమేసింది, తర్వాత కోపమొచ్చింది. "తల్లి చచ్చిందో బతికిందో పట్టదా దీనికి" అని పైకే అనేశాను. అన్నాక నేనేం కోరుకున్నానో గుర్తొచ్చింది. రోజూ దేవుణ్ని అడిగింది అదే కదా. ఇచ్చాడు. ఇచ్చిన రోజు ఇలా ఉంటుందని మాత్రం నాకు తెలియదు.

ఒంట్లో కాస్త నయం. ఇది కూర్చునే రాస్తున్నాను, కావాలంటే కవరు చూసుకోమనండి. నెలాఖరుకి మళ్లీ పరీక్ష ఉంది. భయంగానే ఉంది. చిట్టి అడిగితే దాచకండి, ఉన్నది చెప్పండి. అడక్కపోతే మీరుగా ఎత్తకండి.

నిన్న మీ తమ్ముడు ప్రెస్సు నుంచి వచ్చి ఆ అరవాక్యం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంటి, ఏమీ రాయలేదు?"

"లేదండీ."

"ఆదివారం వెళ్లి తీసుకొచ్చెయ్యనా?"

"వద్దు."

"మరి ఆ ఏడుపేంటి?"

"ఏడవనివ్వండి. మీరు వెళ్లి స్టవ్ మీద పాలు చూడండి, పొంగుతున్నాయి."

వాళ్లిద్దరూ ఆ రోజు ఏం చేశారో నాకు తెలియదు. దాని సంగతి ఒకటి నాకు తెలియకపోవడం ఏడాదిలో ఇదే మొదటిసారి. ఎండలకి స్కూళ్లు తెరవడం వాయిదా వేశారు, తెరిచేదాకా దాన్ని అక్కడే ఉంచండి. ఆ వాక్యం పూర్తి చెయ్యమని మాత్రం మళ్లీ కూర్చోబెట్టకండి వదినా.

మీ మరదలు